విశాఖ బస్సెక్కే ముందు కాలేజీ ప్లేస్‌మెంట్ గది తలుపు తట్టండి: ఇంటర్న్‌షిప్‌కు ఏ దారి ఎవరికి?

పోయిన వేసవిలో నరసన్నపేట వైపు నుంచి ఒక తండ్రి మా కాలేజీకి వచ్చారు. కూతురు బీఎస్సీ రెండో ఏడాది పరీక్షలు అప్పుడే రాసింది. "మాస్టారూ, విశాఖలో ఎవరో 40 వేలు కడితే ఇంటర్న్‌షిప్ ఇప్పించి, ఆ తర్వాత ఉద్యోగం కూడా చూస్తామంటున్నారట. కట్టేయమంటారా?" అని అడిగారు. డబ్బు అప్పటికే ఆయన చేతిసంచిలో ఉంది. కూతురు పక్కన నిలబడి నేల చూస్తోంది.

కట్టవద్దని చెప్పాను. ఎందుకు కట్టవద్దో, బదులుగా ఏం చేయాలో చెప్పేసరికి గంట పట్టింది. కాలేజీలో పాఠాలతో పాటు ప్లేస్‌మెంట్ బాధ్యత కూడా కొన్నేళ్లుగా చూస్తున్నాను. ఇదే ప్రశ్న ఏటా పదిమందైనా అడుగుతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లల ముందు ఉన్న దారులు ఇంచుమించు అయిదు: కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్, సొంత విభాగంలోని అధ్యాపకులు – పూర్వ విద్యార్థులు, ప్రభుత్వ పోర్టళ్లు, కాలేజీతో సంబంధం లేకుండా కంపెనీలు నేరుగా పెట్టే ఆఫ్-క్యాంపస్ పరీక్షలు, డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే సంస్థలు. అయిదో దాని దగ్గరికే పిల్లలు ముందు పరిగెడుతున్నారు. మొదటి నాలుగూ ఉచితం. ఉచితం కాబట్టే చిన్నచూపు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన కాలేజీల విషయంలో రోజూ నిజమవుతోంది.

ప్లేస్‌మెంట్ సెల్ దేనికి పనికొస్తుంది

రాజాం, చింతలవలస, టెక్కలి వంటి చోట్ల ఉన్న పెద్ద ఇంజినీరింగ్ కాలేజీల్లో శిక్షణ, ప్లేస్‌మెంట్ విభాగం విడిగా ఉంటుంది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం కింద ఉన్న డిగ్రీ కాలేజీల్లో చాలాచోట్ల ఆ పని నాలాంటి అధ్యాపకుడికి అదనపు బాధ్యత. ఈ తేడాను ముందే గుర్తుంచుకోండి. మొదటి రకం కాలేజీలో కంపెనీయే మీ దగ్గరికి వస్తుంది. రెండో రకంలో మీరు అడిగితే ఉత్తరం వస్తుంది, ఫోన్ నంబరు వస్తుంది, పూల్ డ్రైవ్ (కొన్ని కాలేజీల పిల్లలకు కలిపి ఒకేచోట జరిపే ఎంపిక) ఎక్కడ జరుగుతోందో కబురు వస్తుంది. అడగకపోతే ఏదీ రాదు.

ఈ దారికి ఉన్న పెద్ద బలం, వచ్చిన సంస్థ ఏమిటో ఎవరో ఒకరు అంతకుముందే చూసి ఉండటం. రేపు ఆఫర్ లెటర్ ఇచ్చి చేర్చుకోకపోతే అడగడానికి ఒక గది, ఒక మనిషి ఉంటారు. బయట మీరు ఒంటరి. రెండో బలం, ఒకే రోజు ఒకే ప్రాంగణంలో పరీక్ష, ఇంటర్వ్యూ రెండూ అయిపోవడం. సోంపేట నుంచో సాలూరు నుంచో హైదరాబాద్ వెళ్లి గది తీసుకుని ఇంటర్వ్యూల చుట్టూ తిరిగే ఖర్చు తెలిసిన ఇంటికి అది చిన్న విషయం కాదు.

లోపాలూ చెప్పాలి. క్యాంపస్‌కు వచ్చే సంస్థల్లో సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలే ఎక్కువ. మెకానికల్, సివిల్, సాదా బీఎస్సీ పిల్లలకు వాటిలో దొరికేది తరచుగా చదివిన చదువుతో సంబంధం లేని పని. పదో తరగతి నుంచి 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) ఉండకూడదు అనే గీతలు చాలా డ్రైవ్‌లలో ఉంటాయి. ఇంటర్‌లో ఒక ఏడాది తడబడిన పిల్లవాడు ఎంత బాగా మాట్లాడినా గేటు దగ్గరే ఆగిపోతాడు. ఒక ఆఫర్ వస్తే మళ్లీ కూర్చోనివ్వని నియమం కొన్ని కాలేజీల్లో ఉంది. మొదట వచ్చిన చిన్న ఆఫర్ తీసుకుంటే వచ్చే నెలలో రాబోయే మంచి కంపెనీకి దారి మూసుకుపోవచ్చు. మీ కాలేజీ నియమం ఏమిటో మూడో ఏడాదిలోనే కాగితం మీద చదివి తెలుసుకోండి. డ్రైవ్ రోజు పొద్దున్న తెలుసుకుంటే లాభం లేదు.

గేటు మీద కట్టిన ఫ్లెక్సీలో అత్యధిక ప్యాకేజీ చూసి కాలేజీని నమ్మకండి. ఆ అంకె ఒక్కరిది. మీకు కావలసిన అంకె వేరే చోట ఉంది. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసే కాలేజీలు ఏటా ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మధ్యస్థ జీతం ఎంత అనే లెక్కలు సమర్పించి, ఆ పత్రాన్ని తమ వెబ్‌సైటులో పెట్టాలి. మధ్యస్థ జీతమంటే, ఉద్యోగం వచ్చిన వందమందినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచిన వారి జీతం. మీరు కూడా ఆ మధ్య చుట్టుపక్కలే ఉంటారని అనుకుని లెక్క వేసుకోండి. ఆ పత్రం లేని కాలేజీ అయితే ప్లేస్‌మెంట్ అధికారిని మూడు ప్రశ్నలు అడగండి: పోయిన ఏడాది మా విభాగం నుంచి ఎంతమంది పేర్లు ఇచ్చారు? ఎంతమందికి ఆఫర్ వచ్చింది? ఎంతమంది నిజంగా చేరారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగే అధికారి ఉన్న కాలేజీ మంచి కాలేజీ.

రెజ్యూమె దిద్దించుకోవడం గురించి కాస్త ఎక్కువే చెబుతాను

చాలామంది పిల్లలు రెజ్యూమెను నెట్ సెంటర్‌లో చేయించుకుంటారు, లేదా స్నేహితుడి ఫైలులో పేరు మారుస్తారు. ఒకసారి బీకాం చివరి ఏడాది వాళ్లవి 40 రెజ్యూమెలు నా బల్ల మీదికి వచ్చాయి. అన్నిటిలోనూ లక్ష్యం అనే చోట అదే వాక్యం, అదే అక్షర దోషంతో సహా. అభిరుచులు: పాటలు వినడం, క్రికెట్ చూడటం.

వాటిలో పలాస అమ్మాయిది ఒకటి. రెండు నిమిషాలు మాట్లాడాక, "వేసవిలో ఏం చేస్తావమ్మా?" అని అడిగాను. "ఏమీ లేదు సార్, మా బాబాయి జీడి షెడ్డులో లెక్కలు రాస్తాను" అంది. ఏం లెక్కలని అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. రోజూ ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి, ఎంత పప్పు తేలింది, 240 గ్రేడు ఎంత, 320 ఎంత, బద్దలు ఎంత, గ్రేడింగు చేసే ఆడవాళ్లలో ఎవరికి ఎంత కూలి ఇవ్వాలి – అంతా ఆమే రాసేది. మొదట పుస్తకంలో, తర్వాత ఎక్సెల్‌లో. పప్పు తరుగు ఎక్కువ వస్తున్న బస్తాలు ఒకే వ్యాపారివని పట్టుకున్నది కూడా ఆమే. ఇవేవీ రెజ్యూమెలో లేవు. ఇంట్లో చేసింది పని కాదని ఆ పిల్ల నమ్మకం.

ఆ రోజు మేమిద్దరం కూర్చుని ఒక పేజీ తిరగరాశాం. అభిరుచులు తీసేశాం. పైన నాలుగు పంక్తులు: రెండు వేసవులు, జీడిపప్పు యూనిట్, రోజువారీ సరుకు – కూలి లెక్కలు, ఎక్సెల్, తరుగు తేడా గుర్తించిన సంగతి. విజయనగరంలో ఆమెను ఇంటర్న్‌గా తీసుకున్న ఆడిటర్ ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారట, మిగతా పేజీ జోలికే పోలేదట.

డబ్బు తీసుకునే సంస్థ ఇచ్చే నమూనా రెజ్యూమె అందంగా ఉంటుంది. కానీ మీ వేసవి ఎలా గడిచిందని అడిగే మనిషి అక్కడ ఉండడు. కంప్యూటర్ చేత రాయించుకున్నా అంతే, మీరు చెప్పనిది దానికి తెలియదు. కాబట్టి రెజ్యూమె విషయంలో నా మాట సూటిగా: కాలేజీలో మిమ్మల్ని ఎరిగిన అధ్యాపకుడి దగ్గర కూర్చుని దిద్దించుకోండి. మాక్ ఇంటర్వ్యూ, అంటే సాధన కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూ కూడా అక్కడే, కనీసం రెండుసార్లు. మొదటిసారి నోరు పెగలదు, రెండోసారి ధైర్యం వస్తుంది.

అధ్యాపకుడి ఉత్తరం, పూర్వ విద్యార్థి ఫోను

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత 2 నెలల సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత 2 నెలలు, ఆపైన ఒక సెమిస్టరంతా. ఈ నియమాన్ని సర్టిఫికెట్ కాగితంగా చూసినవాళ్లు సర్టిఫికెట్‌తోనే మిగిలారు. నిజంగా ఒకచోట కూర్చుని పని చేసినవాళ్లకు మాత్రం దాని విలువ తెలిసింది.

ఈ చిన్న, స్థానిక ఇంటర్న్‌షిప్‌లకు ప్లేస్‌మెంట్ సెల్ కంటే మీ విభాగమే మెరుగు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కలో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఉండే ఆడిటర్ కార్యాలయం ఏ పోర్టల్‌లోనూ ప్రకటన ఇవ్వదు. రిటర్నుల సమయంలో వాళ్లకు చేతులు చాలవు. కామర్స్ అధ్యాపకుడు ఒక ఉత్తరం రాసి, ఒక ఫోను చేస్తే కుర్చీ దొరుకుతుంది. కెమిస్ట్రీ పిల్లలకైతే జాతీయ రహదారి మీద పైడిభీమవరం ఉంది. అరబిందో, డాక్టర్ రెడ్డీస్ వంటి సంస్థల మందుల కర్మాగారాలు అక్కడ పనిచేస్తున్నాయి. వాటిలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కు, ప్రొడక్షన్‌కు తేడా ఏమిటి, షిఫ్టులు ఎలా ఉంటాయి, మొదటి ఏడాది ఏం నేర్పుతారు అనేవి వెబ్‌సైటు చెప్పదు. మూడేళ్ల క్రితం మీ ల్యాబ్‌లోనే టైట్రేషన్ చేసి వెళ్లిన సీనియర్ చెబుతాడు.

మా గదిలో ఒక పొడవాటి రిజిస్టరు ఉంది. ఏ ఏడాది ఎవరు ఎక్కడ చేరారో, ఇప్పుడు ఎక్కడున్నారో అందులో రాసి ఉంటుంది. కొన్ని పేర్ల పక్కన పాత నంబరు కొట్టేసి కొత్తది రాశాం. ఇలాంటి పుస్తకమో ఫైలో మీ కాలేజీలోనూ ఉంటుంది. దాన్ని చూపించమని అడగండి. నంబరు నేరుగా ఇవ్వకూడదంటే, మీ సందేశాన్ని చేరవేయమని కోరండి. ఆ సీనియర్‌తో మాట్లాడేటప్పుడు "ఉద్యోగం ఇప్పించండి అన్నయ్యా" అనవద్దు, ఆయన చేతిలో అది ఉండదు. "మీ దగ్గర చేరేవాళ్లకు ఏం వచ్చి ఉండాలి?" అని అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కున్న సీనియర్‌ను నేనింతవరకు చూడలేదు.

ఈ దారిలో ఇబ్బంది, స్టైపెండు తక్కువ, ఒక్కోసారి అసలు ఉండదు. రెండు నెలలకు పరవాలేదు. ఆరు నెలలు ఉచితంగా పూర్తికాలం పని చేయమంటే మాత్రం వద్దనండి, కనీసం దారి ఖర్చులైనా అడగండి.

ప్రభుత్వ పోర్టళ్లు: ఎవరికి ఏది

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు, అన్నిటినీ ఒకే గాటన కట్టడం. నిజానికి ఒక్కొక్కటి ఒక్కో దశకు.

చదువుతుండగా అయితే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇంటర్న్‌షిప్ పోర్టల్. పట్టా చేతికి వచ్చాక అయితే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం, అంటే నాట్స్. దీని గురించి మన జిల్లాల్లో తెలియాల్సినంతగా తెలియలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద నడిచే ఏడాది శిక్షణ ఇది. స్టైపెండులో సగం దాకా కేంద్రం భరిస్తుంది. 2019 నిబంధనల ప్రకారం డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమా వాళ్లకు 8,000. విశాఖ ఉక్కు కర్మాగారం, హెచ్‌పీసీఎల్ వంటి సంస్థలు ఈ దారిలో పట్టభద్రులను అప్రెంటిసులుగా తీసుకుంటూ వచ్చాయి. క్యాంపస్ డ్రైవ్‌లో మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలకు దొరకని కర్మాగారం తలుపు ఇక్కడ తెరుచుకుంటుంది. ఏడాది తర్వాత అక్కడే శాశ్వత ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. అలాగే ఒకసారి అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లకు మళ్లీ అవకాశం ఉండదు, కాబట్టి ఎదురైన మొదటి చిన్న సంస్థలో దాన్ని ఖర్చు పెట్టేయకండి.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వేరు. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వయసు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, పూర్తికాల చదువులో గానీ ఉద్యోగంలో గానీ లేకపోవడం షరతులు. నెలకు 5,000 రూపాయల చొప్పున 12 నెలలు, ఒకసారి 6,000. ఆ షరతుల ప్రకారం దూరవిద్యలో చదువుతున్నవాళ్లకు ఇది తగినది. రోజూ కాలేజీకి వచ్చే పిల్లలకు అప్పట్లో అర్హత లేదు. షరతులు విడతకొకసారి మారవచ్చు, దరఖాస్తు ముందు అధికారిక పోర్టల్‌లోనే చూసుకోండి.

జాతీయ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో, జిల్లా ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. నైపుణ్యాభివృద్ధి సంస్థ జరిపే జాబ్ మేళాలకూ అంతే. మేళాలకు వెళ్లండి. పదిమంది అపరిచితులతో వరుసగా మాట్లాడిన అనుభవం ఒక్క రోజులో మరెక్కడా రాదు. కానీ అక్కడికక్కడే సంతకం పెట్టకండి. పని పేరు, ఊరు, చేతికొచ్చే జీతం, లక్ష్యాలు అందుకోకపోతే ఏమవుతుంది అనేవి రాసుకుని ఇంటికి రండి.

ఆఫ్-క్యాంపస్

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు నేరుగా పెట్టే టీసీఎస్ ఎన్‌క్యూటీ వంటి పరీక్షలు, కంపెనీల సొంత కెరీర్ పేజీలు, లింక్‌డిన్ ఈ కోవలోకి వస్తాయి. క్యాంపస్ డ్రైవ్‌లు తక్కువగా జరిగే కాలేజీ పిల్లలకు ఇది తప్పనిసరి. పోటీ దేశమంతటితో, జవాబు వచ్చేది అరుదు. వారానికి రెండు గంటలు కేటాయించి, ఎక్కడ ఎప్పుడు దరఖాస్తు చేశారో ఒక పట్టికలో రాసుకోండి. మూడు నెలలు నిశ్శబ్దంగా గడిచినా కుంగిపోవద్దు, అందరికీ అలాగే గడుస్తుంది.

డబ్బు అడిగేవాళ్లు

శిక్షణకు ఫీజు కట్టడం వేరు, ఉద్యోగానికి డబ్బు కట్టడం వేరు. జావా నేర్పడానికి ఒక సంస్థ ఫీజు తీసుకుంటే అది బడి లాంటిదే, నేర్పుతున్నదీ లేనిదీ రెండు తరగతులు కూర్చుంటే తెలుస్తుంది. ఇంటర్న్‌షిప్ ఇస్తాం, రిజిస్ట్రేషన్ కట్టండి. ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి. ఆఫర్ లెటర్ వచ్చాక మిగతా సగం ఇవ్వండి – ఇలాంటి మాట వినపడగానే లేచి వచ్చేయండి. పని చేయించుకునేవాడు కూలి ఇవ్వాలి గానీ పుచ్చుకోకూడదు.

అనుమానం తీరాలంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఆ కంపెనీ పేరు వెతకండి. ప్రైవేట్ లిమిటెడ్ అని చెప్పుకునే సంస్థ నమోదు తేదీ, చిరునామా, అది ఇంకా నడుస్తున్నదా లేదా అన్నీ కనబడతాయి. ఆఫర్ లెటర్ జీమెయిల్ చిరునామా నుంచి వచ్చిందా, కంపెనీ సొంత చిరునామా నుంచా చూడండి. టెన్త్, డిగ్రీ అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. మా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఎక్కడో చేరేటప్పుడు ఒరిజినల్స్ ఇచ్చేశాడు. పోలీస్ ఉద్యోగానికి ధ్రువపత్రాల పరిశీలన వచ్చిన వారం అవి తెచ్చుకోవడానికి వాళ్ల అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టింది. ఆ సంగతి చెప్పినప్పుడు నా గొంతు ఇప్పటికీ పట్టేస్తుంది.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ (సీఎస్‌ఈ) చదువుతూ మార్కులు 60 దాటి ఉంటే ప్లేస్‌మెంట్ సెల్ మొదటి దారి, పక్కనే ఆఫ్-క్యాంపస్. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లు క్యాంపస్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా చివరి సెమిస్టరులోనే నాట్స్ వివరాలు సిద్ధం చేసుకోవాలి. సివిల్ పిల్లలు రెండో ఏడాది వేసవికి కట్టడం పని జరిగే చోటికి వెళ్లాలి. మన పక్కనే భోగాపురం విమానాశ్రయ నిర్మాణం మొదలైనప్పటి నుంచి ఆ చుట్టుపక్కల పనులకు కొదవ లేదు. బీఎస్సీ, బీకాం వాళ్లకు అధ్యాపకుడి ఉత్తరమే మొదటి దారి, నా మాటలో సందేహం లేదు. బీఏ పిల్లలను అందరూ మరచిపోతారు. వాళ్లు సమాజ సేవా ప్రాజెక్టును నిజంగా చేసి, ఊరి సర్వే లెక్కలను పట్టికగా మార్చి, ఆ నివేదికను పట్టుకుని స్వచ్ఛంద సంస్థల దగ్గరికో స్థానిక పత్రికా కార్యాలయానికో వెళ్లాలి. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు ముందు వాటిని తీర్చుకోవాలి, ఈలోగా స్థానిక ఇంటర్న్‌షిప్ ఒకటి పట్టుకోవాలి. ఆడిటర్‌కూ చిన్న వర్క్‌షాపు యజమానికీ మీ బ్యాక్‌లాగ్ కంటే మీరు పొద్దున్నే వేళకు రావడం ముఖ్యం.

రెండు ఆఫర్లు చేతిలో ఉంటే స్టైపెండును పక్కపక్కన పెట్టి చూడకండి, మిగులును చూడండి. హైదరాబాద్‌లో 10,000 ఇస్తామన్నారనుకోండి. హాస్టలుకు 7,000, రాకపోకలకు 2,000 పోతే మిగిలేది 1,000. ఇంటి నుంచి వెళ్లొచ్చే చోట 5,000 ఇచ్చి, దారి ఖర్చు 1,500 అయితే 3,500 మిగులుతుంది. అయినా నేను ఒక్కోసారి హైదరాబాదే వెళ్లమంటాను. అక్కడ మీ పైన కూర్చునే మనిషి పని నేర్పేవాడై, ఇక్కడ జిరాక్సులు తీయించే చోటైతే ఆ 2,500 తేడా లెక్కలోకి రాదు. చేరే ముందు, "నా పని ఎవరు చూస్తారు? మొదటి నెలలో నా చేత ఏం చేయిస్తారు?" అని అడిగి తెలుసుకోండి.

నరసన్నపేట అమ్మాయికి ఆ రోజే కెమిస్ట్రీ విభాగం నుంచి ఉత్తరం రాయించాం. దానికి ప్రిన్సిపల్ సంతకం, కాలేజీ ముద్ర, ఆమె బోనఫైడ్, అభ్యంతర రహిత పత్రం జత చేయడానికి నాలుగు రోజులు పట్టింది. వేసవి సెలవుల్లో గుమాస్తాలు వంతుల వారీగా వస్తారు. మీరు ఉత్తరం అడగాలనుకుంటే పరీక్షలు మొదలయ్యే ముందే, ఫిబ్రవరిలోనో మార్చిలోనో అడగండి. వెళ్లేటప్పుడు మార్కుల జాబితా నకళ్లు, రెండు ఫోటోలు, మీ రెజ్యూమె, ఏ సంస్థకు ఎవరి పేరిట ఉత్తరం కావాలో స్పష్టంగా రాసిన చీటీ తీసుకువెళ్లండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళితే ప్లేస్‌మెంట్ మాస్టారు తీరిగ్గా దొరుకుతారు.